ఆరు చుక్కల అక్షరదాత లూయీ బ్రెయిల్

అక్షరం అనగానే మనకు కంటికి కనిపించే నల్లని గీత గుర్తుకొస్తుంది. పలక మీద దిద్దిన ఓనమాల నుంచి పరీక్ష హాల్లో ఇచ్చే ప్రశ్నపత్రం దాకా మన చదువంతా కంటి చదువే. అయితే వేలికొనతో చదివే అక్షరం కూడా ఒకటున్నది. నల్లగొండలో గాని, పాలమూరులో గాని, చూపులేని విద్యార్థి చేతికి ఆ అక్షరాన్ని అందించినవాడు రెండువందల ఏళ్ల కిందటి ఒక ఫ్రెంచి పల్లెటూరి కుర్రవాడు. అతడి పేరు అందరం విన్నదే. కాని అతడు పోయిన తర్వాత ఆ లిపి దేశానికొక తీరుగా చీలిపోయి, మళ్లీ ఒక దారికి రావడానికి దాదాపు నూరేళ్లు పట్టిందన్న సంగతి చాలామందికి తెలియదు. ఈ రెండు కథలూ కలిపి చెప్పుకుంటేనే ఆ మహనీయుడు చేసిన పని విలువ మనకు బోధపడుతుంది.

లూయీ బ్రెయిల్ 1809 జనవరి 4న పారిస్‌కు తూర్పున ఉన్న కూప్‌వ్రే గ్రామంలో జన్మించాడు. తండ్రి సిమోన్ రెనే గుర్రాలకు జీనులు, పగ్గాలు కుట్టే తోలుపనివాడు. మూడేళ్ల పసివాడు ఒకనాడు తండ్రి పనిచేసే చోట ఆడుకుంటూ, తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె లాంటి పనిముట్టు చేతబట్టాడు. అది జారి కంట్లో గుచ్చుకున్నది. పుండు మానలేదు సరికదా, రెండో కంటికీ పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి లోకమంతా చీకటి. ఆ తల్లిదండ్రులు మాత్రం పిల్లవాణ్ణి మూలన కూర్చోబెట్టలేదు. ఊరి బడికి పంపారు. విన్నది విన్నట్టు ఒప్పజెప్పే ఆ కుర్రవాణ్ణి 1819లో, పదో ఏట, పారిస్‌లోని అంధ బాలల పాఠశాలలో చేర్చారు.

ఆ పాఠశాలను వాలెంటిన్ హాయ్ అనే దయామయుడు 1785లో స్థాపించాడు. మందపాటి కాగితం మీద మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేయించి, పిల్లల చేత తడిమించేవారు. చూపున్నవాడికి అది ముచ్చటగానే ఉంటుంది. తడిమేవాడికి మాత్రం ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క చిక్కుముడి. పుస్తకాలు మోయలేనంత బరువు. అన్నిటికన్న పెద్ద లోపం, చదవడమే తప్ప పిల్లలు తమంత తాము రాసుకునే వీలు లేకపోవడం. రాయలేని చదువు సగం చదువే కదా!

1821లో సైన్యంలో పనిచేసిన షార్ల్ బార్బియే అనే ఆయన తన చుక్కల పద్ధతిని ఆ పాఠశాలకు తెచ్చాడు. గీతలకన్న చుక్కలు వేలికి తేలికగా అందుతాయని పిల్లలకు వెంటనే అర్థమైంది. కాని అందులో ఒక్కో గుర్తుకు పన్నెండు దాకా చుక్కలుండేవి. వేలు పైకీ కిందికీ జరిపితే తప్ప అందేవి కావు. పైగా అది శబ్దాన్ని మాత్రమే చెప్పేది. వర్ణక్రమం లేదు, కామా లేదు, పుల్‌స్టాప్ లేదు.

పన్నెండేళ్ల లూయీ అప్పటినుంచి ఆ పనిలో పడ్డాడు. పగలు పాఠాలు, తీరిక దొరికితే చుక్కలు. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసుకే, లిపి ఒక రూపానికి వచ్చింది. రెండు నిలువు వరుసల్లో మూడేసి చొప్పున ఆరు చుక్కలు. వేలికొన కదలకుండానే ఒక్కసారిగా అందే కొలత అది. ఆ ఆరింటిని రకరకాలుగా కలిపితే 63 గుర్తులు వస్తాయి. మొదటి పది అక్షరాలకు పై నాలుగు చుక్కలే చాలు. వాటికే మూడో చుక్క చేర్చితే తర్వాతి పది. ఇంత సులువైన లెక్క కాబట్టే పిల్లలకు ఇట్టే పట్టుబడింది. 1829లో పద్ధతిని వివరిస్తూ పుస్తకం వెలువరించాడు. అందులో చుక్కలతోపాటు అడ్డగీతలు కూడా ఉండేవి. అవి వేలికి సరిగా అందవని తేలడంతో 1837 నాటి రెండో కూర్పులో వాటిని తీసివేశాడు. తాను చేసిందే వేదమని పట్టుబట్టకుండా, చదివేవాడి వేలు చెప్పిన మాట విన్నాడు.

అదే పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. సంగీతానికి కూడా చుక్కల్లోనే స్వరలిపి కూర్చాడు. కాని పాఠశాల పెద్దలు మారారు. 1840 తర్వాత వచ్చిన డైరెక్టరు దుఫో కొంతకాలం ఈ లిపిని పక్కకు నెట్టి, ఉబ్బెత్తు అక్షరాలనే మళ్లీ పిల్లల మీద రుద్దాడు. చూపున్నవారికి చదవరాని లిపి వీళ్లను లోకం నుంచి వేరు చేస్తుందన్నది ఆనాటి పెద్దల భయం. పిల్లలు ఊరుకుంటారా? చాటుమాటుగా చుక్కల్లోనే రాసుకున్నారు. చివరికి 1844లో కొత్త భవన ప్రారంభ సభలో ఆ లిపి శక్తిని అందరి ముందూ చూపించారు. అప్పటికే లూయీని క్షయ పట్టుకున్నది. 1852 జనవరి 6న, నలభైమూడేళ్లకే కన్నుమూశాడు. తన లిపిని ఫ్రాన్సు ప్రభుత్వం 1854లో అంగీకరించడం ఆయన చూడనే లేదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. లిపి బాగుందన్నవారే దాన్ని ఇంకా బాగుచేయబోయారు. అమెరికాలో న్యూయార్క్ పాయింట్ అని ఒకటి, అమెరికన్ బ్రెయిల్ అని మరొకటి పుట్టాయి. ఇంగ్లండుది వేరే దారి. ఎవరి వాదం వారికి సబబే. ఎక్కువగా వచ్చే అక్షరానికి తక్కువ చుక్కలుండాలని ఒకరు, కాగితం ఆదా కావాలని ఒకరు. కాని ఒక ఊళ్లో నేర్చుకున్నవాడు ఇంకో ఊరి పుస్తకం పట్టుకుంటే నిరక్షరాస్యుడే! హెలెన్ కెల్లర్ అంతటి మేధావి సైతం చదువు కోసం ఇలాంటి లిపులు ఒకటికి మించి నేర్చుకోవలసి వచ్చింది. ఒకే పుస్తకాన్ని రెండు మూడు లిపుల్లో అచ్చువేయాలంటే డబ్బు దండుగ. ఇంగ్లీషు లోకమంతా ఒక మాట మీదికి రావడానికి 1932 దాకా పట్టింది.

మన దేశంలోనూ ఇదే తంతు. 1887లో అమృత్‌సర్‌లో అంధుల పాఠశాల మొదలైంది మొదలు, ఒక్కో మిషనరీ, ఒక్కో పండితుడు తనకు తోచిన తీరుగా భారతీయ భాషలకు చుక్కలు కేటాయించారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో మన ప్రభుత్వం యునెస్కోను ఆశ్రయించింది. గాలిపోలీ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న న్యూజిలాండు వాసి క్లూథా మెకెంజీ ఈ పనికి పూనుకున్నారు. 1950లో పారిస్‌లో, 1951లో బీరూట్‌లో సమావేశాలు జరిగాయి. అలా 1951లో భారతి బ్రెయిల్ స్థిరపడింది.

దాని సూత్రం చిన్నది: లిపి ఏదైనా, శబ్దం ఒకటైతే గుర్తు ఒకటే. మన తెలుగు క, హిందీ క, పాలమూరు వీధుల్లో వినిపించే ఉర్దూ కాఫ్, ఇంగ్లీషు కే, అన్నిటికీ మొదటి, మూడో చుక్కలే. కాగితం మీద కుడి నుంచి ఎడమకు నడిచే ఉర్దూ కూడా బ్రెయిల్‌లో ఎడమ నుంచి కుడికే సాగుతుంది. హిందీలో లేని హ్రస్వ ఎ, ఒ మనకున్నాయి కనుక వాటికి వేరే గుర్తులిచ్చారు. గుణింతమంటే హల్లు పక్కన అచ్చు గుర్తు. కిందికి దిగే వత్తులు లేవు. అచ్చు లేదని చెప్పడానికి నాలుగో చుక్క వాడి, హల్లులను ఒకే వరుసలో రాస్తారు. ఎవరి భాష సొగసు వారికి మిగిలింది, వేలు నడిచే బాట మాత్రం అందరికీ ఒక్కటైంది.

ఇప్పుడు సెల్‌ఫోనే చదివి వినిపిస్తున్నది కదా, ఇక చుక్కలెందుకని మనవాళ్లలో కొందరంటారు. వింటే కథ తెలుస్తుంది గాని, వర్ణక్రమం తెలియదు. ఎక్కడ శ, ఎక్కడ ష, ఎక్కడ వత్తు అన్నది వేలు తడిమి చూసుకోవలసిందే. అన్నట్టు, కంప్యూటరు ఈనాడు తెలుగు పాఠాన్ని ఇట్టే బ్రెయిల్‌లోకి మార్చగలుగుతున్నదంటే, 1951లో అందరూ ఒక నియమానికి ఒప్పుకున్నందువల్లనే. పది నియమాలుంటే యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

1952లో, నూరేళ్ల వర్ధంతి సంవత్సరంలో, ఫ్రాన్సు దేశం లూయీ అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు గౌరవంగా తరలించింది. ఆయన చేతులను మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచుకున్నారు ఆ ఊరివాళ్లు. 2019 నుంచి ఐక్యరాజ్యసమితి ఆయన పుట్టినరోజును ప్రపంచ బ్రెయిల్ దినంగా జరుపుతున్నది. సభలు, దండలు సరే. మన కళాశాల గ్రంథాలయంలో పాఠ్యపుస్తకాల పక్కన బ్రెయిల్ ప్రతులు ఎన్ని ఉన్నాయో, ఈ సంవత్సరం ఒకసారి వెళ్లి లెక్కపెడదాం. చూపున్న మనమే ఆ పని మొదలుపెట్టాలి.