నీలిరంగు వెనుక మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సావనీరుకు ఒక వ్యాసం రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు విషయం కోసం నేను ఎంతో దూరం వెతకలేదు. మన బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ జాబితాలోనే ఒక మహనీయుని పేరు ఉన్నది. ఫిస్కే-సుబ్బారో పద్ధతి ద్వారా ఫాస్ఫరస్ పరిమాణమును నిర్ణయించుట అని ప్రతి ఏటా రికార్డులో రాస్తాం, వైవాలో అప్పజెబుతాం. ఆ రెండో పేరు ఎవరిదయ్యా అని నేను అడిగితే, ఎవరో విదేశీయుడు అయి ఉంటాడు సార్ అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. అమెరికాలో ఆయన తన పేరును సుబ్బారో అనిపించే స్పెల్లింగుతో రాసుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఆయన మనవాడే. గోదావరి డెల్టాలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

మన కరువు సీమకూ ఆ డెల్టా పల్లెకూ పోలిక ఏమున్నది అనిపించవచ్చు. కానీ సుబ్బారావు బాల్యం వింటే మన మడకశిర నుంచో, కళ్యాణదుర్గం నుంచో ఫీజు డబ్బులకు కిందామీదా పడి వచ్చే కుర్రవాడే గుర్తుకొస్తాడు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు మీద మనసు నిలవక, పదమూడో ఏట ఇల్లు వదలి కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిద్దామనుకున్నాడు. తల్లి వెనక్కు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. పరీక్ష పోయిందని హాస్టల్ గదిలో తలుపులు వేసుకొనే మిత్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయిన తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. ఆ రోజుల్లోనే సన్యాసం మీద మనసు పోయి రామకృష్ణ మఠం వైపు మొగ్గినా, తల్లి ఒప్పుకోలేదు. తరువాత స్వదేశీ ఉద్యమం వచ్చింది. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌనుతో ఆపరేషన్ థియేటర్‌కు పోయేసరికి, సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకు కంటగింపయింది. మిగతా సబ్జెక్టులు బాగానే రాసినా చివరకు చేతికి వచ్చినది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పుకుంటూ బతికాడు.

ఇంతలో ఇంటి మీద పిడుగు పడింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం విరిగి, మనిషి ఎండిపోయే జబ్బు ఇది. మన వైద్యులు సంగ్రహణి అనే జబ్బుల కోవలోనిది. ఆ జబ్బే సుబ్బారావునూ పట్టింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నాడు. మందు పనిచేసింది, సంతోషమే. కానీ అందులో ఏ పదార్థం పనిచేసింది, ఎంత మోతాదులో, ఎలాగ? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల శాస్త్రం నేర్చుకోవాలని పట్టుదల కలిగింది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు పోగుచేసిన సొమ్ము, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, ఈ రెంటి మీద ఆధారపడి 1920ల తొలినాళ్ళలో బోస్టన్‌లో దిగాడు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆ దంపతులు మళ్ళీ ఒకరినొకరు చూసుకోలేదు. పుట్టిన మగబిడ్డ కూడా పసితనంలోనే పోయాడు. ఈ జీవితంలో ఎవరు ఏమి చెల్లించారో లెక్క వేసేటప్పుడు ఆ ఇల్లాలి పేరు విడిచిపెట్టడం న్యాయం కాదు.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాకు చేరాడు గానీ, ఎల్.ఎం.ఎస్. డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరాడు. రోగుల బెడ్‌పాన్లు తీసి కడగడం, పక్కలు సర్దడం ఆయన పని. నర్సింగ్ చదివే మన చెల్లెళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మీరు వార్డులో మొదటి రోజు ముక్కు మూసుకొని చేసే పనితోనే ఈయన అమెరికాలో కూడు సంపాదించుకున్నాడు.

ఇప్పుడు మన నీలిరంగుకు వద్దాం. హార్వర్డ్ బయోకెమిస్ట్రీ శాఖలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంతున్నదో కొలిచే పద్ధతిని తయారుచేశారు. 1925లో అది అచ్చయింది. ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, ఆ తరువాత క్షయకరణం చేసే ఒక పదార్థాన్ని చేర్చితే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. రంగును కలరిమీటరులో చూసి లెక్క కడతాం. చూడడానికి ఇంతే. కానీ తక్కువ నమూనాతో, తక్కువ సమయంలో, నమ్మకంగా కొలవవచ్చును కాబట్టి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దీన్ని అందుకున్నాయి. వందేళ్ళు నిండిన తరువాత కూడా మన అనంతపురంలో పరీక్షకు వస్తూనే ఉన్నది.

అసలు కథ ఇక్కడే ఉన్నది. కండరం నుంచి తీసిన ద్రవానికి ఈ పరీక్ష చేసినప్పుడు రంగు వెంటనే పూర్తిగా రాలేదు. మెల్లమెల్లగా, ఆలస్యంగా చిక్కబడింది. మనలో ఎవరైనా అయితే ఏమి చేస్తాం? రసాయనం పాతదయ్యుంటుందని, పరీక్షనాళిక సరిగా కడగలేదని అనుకొని, పక్క బెంచీ రీడింగు చూసి రాసేస్తాం. వాళ్ళు అలా చేయలేదు. రంగు ఎందుకు ఆలస్యమవుతున్నదో వెంటబడి చూశారు. కండరంలో ఫాస్ఫేటును పట్టుకొని ఉన్న ఒక పదార్థం, ఆమ్లం తగిలి మెల్లగా విడిపోతూ, ఫాస్ఫేటును కొంచెం కొంచెంగా వదులుతున్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో లోకానికి తెలిపారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులూ ఈ పదార్థం జాడ పట్టుకున్నారు.

దీని విలువ ఎంతో చూడండి. కండరం ముడుచుకొనే శక్తి లాక్టిక్ ఆమ్లం తయారయ్యే ప్రక్రియ నుంచి నేరుగా వస్తుందని అప్పటి పెద్దల నమ్మకం. కండరాల మీద చేసిన పనికి హిల్, మేయర్‌హాఫ్ అనే ఇద్దరికి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. ఫాస్ఫోక్రియాటిన్ కనబడిన తరువాత ఆ నమ్మకం కదిలిపోయింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా విషం పెట్టిన కండరం కూడా ముడుచుకుంటున్నదని 1930లో డెన్మార్క్‌కు చెందిన లుండ్స్‌గార్డ్ చూపించాడు. ఈలోగా 1929లో ఫిస్కే, సుబ్బారావు అదే కండరం నుంచి ఏ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది విడిగా కనుగొన్నాడు. ఎండలో చెనిక్కాయ చేనికి గుంటక తోలే ఎద్దు మెడకండరం మొదలు, ఈ అక్షరాలు చదువుతున్న మీ కన్ను దాకా, జీవకణం ఖర్చుపెట్టే చిల్లర నాణెం ఏ.టి.పి.యే. ఆలస్యంగా వచ్చిన రంగు అంత దూరం తీసుకుపోయింది.

1930లో పిహెచ్.డి. వచ్చింది గానీ హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థకు మారి, తరువాత అక్కడి పరిశోధనలకు నాయకుడయ్యాడు. అప్పటికే ఆయన కాలేయపు సారంలో రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏదని వెతుకుతున్నాడు. ఆ వెతుకులాటకు మన దేశంతోనూ సంబంధం ఉన్నది. బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలకు గర్భసమయంలో వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతున్నదని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లో ప్రకటించారు. 1941లో అమెరికాలో మరికొందరు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని పిండి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. టన్నుల ఆకుకూరతో రోగులకు మందు ఇవ్వలేం కదా. లెడర్లీలో సుబ్బారావు నడిపిన బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది.

ఆ మందును టామ్ స్పీస్ అనే వైద్యుడు క్యూబాలో స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. వాళ్ళు కోలుకున్నారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు పాతికేళ్ళు దాటిన తరువాత ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. అయితే ఆయన మొదట వెతికిన పదార్థం ఇది కాదు. పెర్నీషియస్ అనీమియాను నిజంగా అదుపుచేసే విటమిన్ బి12 ను 1948లో వేరేవారు పట్టుకున్నారు. ఒకదాని కోసం పోయి మరొకటి సాధించడం పరిశోధనలో మామూలే.

ఫోలిక్ ఆమ్లం కణాలు పెరగడానికి అవసరం. మరి దాని రూపంలోనే ఉండి దాని పనిని అడ్డుకొనే పదార్థాన్ని ఇస్తే, అదుపు తప్పి పెరిగే కణాలు ఆగవా? లెడర్లీ రసాయనవేత్తలు తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చాడు. పదహారు మందిలో పదిమందికి మేలు కనబడిందని 1948లో ప్రకటించాడు. ఆ మేలు కొద్దికాలమే నిలిచింది. కానీ మందుతో ఆ జబ్బును వెనక్కు నెట్టవచ్చని తెలిసిన మొదటి సందర్భం అదే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సరుకూ, కీళ్ళవాతానికీ వాడుకలో ఉన్నది.

ఇంకా రెండు చెప్పాలి. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుపై పనిచేసే డైఇథైల్‌కార్బమజిన్ 1947లో ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి బోదకాలు గురించి పుస్తకం చెప్పనక్కరలేదు. మనదేశంలో ఏటా సామూహికంగా పంచిన ఫైలేరియా మాత్ర ఇదే. ఇక డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మిస్సోరి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు పెద్దన్న అది.

ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశాడు. వయస్సు 53. అమెరికా చట్టం 1946లో భారతీయులకు పౌరసత్వం తీసుకొనే వీలు కల్పించినా ఆయన తీసుకోలేదు. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం శతజయంతికి 1995లో తపాలా బిళ్ళ వేసింది.

నోబెల్ ఎగ్గొట్టారు అని మన సభల్లో ఆవేశంగా మాట్లాడుతుంటారు. ఆ బాధ నాకూ ఉన్నది. ఆరియోమైసిన్ వ్యాసం డగ్గర్ పేరున, లుకేమియా వ్యాసం ఫార్బర్ పేరున వెలువడ్డాయి. కానీ ఒక్క బహుమతి గురించే మాట్లాడితే, ఆయన ఏమి చేశాడన్నది మనకు తెలియకుండానే పోతుంది. బృందంగా చేసే పనిలో పేరు అందరికీ సమానంగా రాదు. ఆ మందు మాత్రం రోగికి అందింది.

మన జిల్లా సంగతి చూడండి. సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర. పంట పోయిన ఏడు ఇంట్లో మొదట తగ్గేది ఆకుకూర, పప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నదని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. 1970లో మొదలైన జాతీయ కార్యక్రమం నుంచి ఇప్పటిదాకా గర్భిణులకు ఇస్తున్నది ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమే. బడిలో ఆడపిల్లలకు వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలోనూ 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మన చెనిక్కాయలోనూ ఈ విటమిన్ దండిగానే ఉన్నది. ఆ మాత్ర చేదని కిటికీలోంచి పారేసే పిల్లకు దాని కథ చెప్పగలిగేది ఊళ్ళో చదువుకున్న మీరే.

మన ల్యాబులో ఏమున్నది సార్, ఇక్కడ పరిశోధన ఏమి చేస్తాం అని ఎమ్మెస్సీ పిల్లలు నాతో అంటుంటారు. పరికరాలు తక్కువే, ఒప్పుకుంటాను. అయితే బోర్ల నీళ్ళలో ఫ్లోరైడు, వానలు ఎగ్గొట్టిన ఏడు చెనిక్కాయకు పట్టే బూజు విషం, తల్లుల రక్తంలో తగ్గే హిమోగ్లోబిన్, ఇవన్నీ బోస్టన్‌లో దొరికే విషయాలు కావు. మన గుమ్మం ముందు ఉన్నవి. వీటికి మొదట కావలసింది నిజాయితీగా కొలిచే చెయ్యి. కాబట్టి మిత్రులారా, రేపు ప్రాక్టికల్స్‌లో రంగు పుస్తకంలో చెప్పినట్టు రాకపోతే కొట్టివేయకండి. వచ్చినది వచ్చినట్టు రికార్డులో రాయండి, ఎందుకని అడగండి. మార్కులు తగ్గించకుండా చూసే పూచీ మా లెక్చరర్లది.