కేరీ గృహములో మూసిన తలుపు

ఇంగ్లండు దేశమందలి పాలర్స్‌పరీ గ్రామమున 1761లో జన్మించిన విలియం కేరీ వృత్తిచేత చెప్పులు కుట్టువాడు. ఆ పని చేయుచునే ఆయన గ్రీకు, హెబ్రీ భాషల నభ్యసించెను. 1781లో డొరోతి ప్లాకెట్‌ను వివాహమాడెను. పెండ్లి రిజిస్టరులో సంతకము చేయనేరక ఆమె గురుతు మాత్రమే పెట్టెను. భర్త పుస్తకములును భార్య దినచర్యయు ఒకే కప్పు క్రింద నున్నను, అవి రెండు వేర్వేరు లోకములు.

1793లో కేరీ మిషనెరీగా హిందూదేశమునకు బయలుదేర నిశ్చయించినప్పుడు, గర్భవతియైన డొరోతి తాను రానని చెప్పెను. ఓడ ప్రయాణము ఆలస్యమాయెను. ఈలోగా బిడ్డ పుట్టెను. తన సహోదరి కిట్టి తోడువచ్చుటకు సమ్మతించిన తరువాతనే డొరోతి యొప్పుకొనెను. నలుగురు కుమారులతో ఆ కుటుంబము జూన్ 13న సముద్రయానము ప్రారంభించెను.

1794లో కేరీ ఉత్తర బెంగాలులోని మద్నాబతియందు నీలిమందు కర్మాగారమునకు నిర్వాహకుడాయెను. కర్మాగారపు లెక్కలు, బెంగాలీ బైబిలు అనువాదము, సంసారము అన్నియు ఒకే చోట సాగెను. ఆ యేట అక్టోబరులో ఐదేండ్ల పీటరు జబ్బుపడి మరణించెను. కొలది నెలలకే డొరోతి మతి చెదరెను. భర్త తనకు ద్రోహము చేయుచున్నాడను భ్రాంతి ఆమెను పట్టి విడువలేదు. నేడైతే దానిని వ్యాధిగా గుర్తించి చికిత్స చేయుదురు. ఆనాడు ఆమెను గదిలో నుంచి తలుపు మూయుటకంటె వేరు ఉపాయము వారికి తోచలేదు. ఒక గదిలో ఆమె రోదన, ప్రక్క గదిలో ఆయన లేఖన భాషాంతరము. కేరీ ఆమెను విడిచిపెట్టలేదు, పనినియు విడిచిపెట్టలేదు.

1800 జనవరిలో వారు శ్రీరామపురము చేరిరి. అచ్చట మిషనెరీ కుటుంబములు ఒకే భోజనపు బల్లయొద్ద, ఉమ్మడి ధనముతో జీవించెను. తల్లి అశక్తురాలు; తండ్రి సౌమ్యుడు, బిడ్డలను దండింపనేరనివాడు, పనిలో మునిగియున్నవాడు. కుమారులు అదుపులేక పెరుగుట హన్నా మార్ష్‌మన్ గమనించెను. తన బిడ్డలతోపాటు, తాను నడుపు బోర్డింగు పాఠశాలతోపాటు, వారి భారమునుకూడ ఆమె పైన వేసికొనెను. ముద్రాలయాధిపతి విలియం వార్డు పెద్దవాడైన ఫీలిక్సును చేరదీసెను. ఆ ఫీలిక్సే 1807లో బర్మాకు మిషనెరీగా వెళ్లెను.

1801లో బెంగాలీ క్రొత్త నిబంధన వెలువడెను. 1807 డిసెంబరు 8న డొరోతి మరణించెను. 1812 మార్చిలో ముద్రాలయము అగ్నిపాలై, వ్రాతప్రతులెన్నో దగ్ధమాయెను. అయినను కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, శ్రీరామపురపు తెలుగు క్రొత్త నిబంధన 1818లోను అచ్చయ్యెను. 1834 జూన్ 9న ఆయన కన్నుమూసెను.

కేరీ గృహమును, పరిచర్యను సమతూకముగా నడిపెనని చెప్పుట సత్యము కాదు. ఆ తూకమును నిలిపినది ఇతరుల చేతులు. దాని మూల్యమును చెల్లించినది డొరోతి. తాను రానని ఒకప్పుడు చెప్పిన ఆమె మాటను వినువారు లేకపోయిరి. తెలుగు సంఘము కేరీకి ఋణపడియున్నది. అక్షరమెరుగని ఆ తల్లికిని, హన్నాకును ఋణపడియున్నది. ఇంట కూర్చుండి దేవుని పని చేయువాడు, తన తలుపునకు ఆవల ఎవరి కన్నీరు కారుచున్నదో, ఎవరి చేతులు తన బిడ్డలను మోయుచున్నవో, కలము దించి చూడవలెను.