బడి తెలుగును మార్చిన పంతులు గారు

కతర్‌గామ్‌లో ఉంటున్న మాకు వీధిలో గుజరాతీ, బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. అమ్మకో నాన్నకో బదిలీ అయితే వీధి భాష మళ్ళీ మారుతుంది. ఇంటి భాష ఒకటి, పుస్తకం భాష మరొకటి అయితే ఎంత కష్టమో బదిలీల మీద ఊళ్ళు తిరిగే మనందరికీ తెలుసు. ఆ కష్టాన్ని తగ్గించడానికి జీవితాంతం పాటుపడిన ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విశాఖపట్నంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే సొంతంగా చదివి బి.ఏ. పాసయ్యారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వారి పిల్లలకు వారి భాషలో చదువు లేదు. పంతులు గారు సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అందులోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడి నడిపారు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. అయినా పని ఆపలేదు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

అసలు మలుపు 1907 ప్రాంతంలో వచ్చింది. బడుల తనిఖీ అధికారి జె.ఏ. యేట్స్ ఆంగ్లేయుడు. ఇంగ్లండులో పిల్లలు మాట్లాడే భాషకు దగ్గరగా ఉన్న భాషలోనే చదువుతారు, రాస్తారు. ఇక్కడ మాత్రం పిల్లవాడు వచ్చాడు అంటాడు, పుస్తకంలో వచ్చెను అని ఉంటుంది. ఈ తేడా ఎందుకన్నది యేట్స్ సందేహం. విశాఖ కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, విజయనగరంలోని గురజాడ అప్పారావు గారు, మన పంతులు గారు ఆ సందేహాన్ని తమ పనిగా తీసుకున్నారు.

పంతులు గారు హెన్రీ స్వీట్, యెస్పర్సన్ వంటి ఐరోపా భాషావేత్తల పుస్తకాలు చదివారు. అలాగని అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టలేదు. మన శాసనాలు, పాత గ్రంథాలు వెతికి, తెలుగు కూడా కాలంతో మారుతూ వచ్చిందని చూపించారు. ఉపాధ్యాయుడు పిరియడ్ అంతా మాటలకు అర్థాలు చెప్పడంతోనే గడిపితే, పిల్లలు బట్టీ పడతారు తప్ప సొంతంగా నాలుగు వాక్యాలు రాయలేరని ఆయన వాదన.

1911లో ఉద్యోగం నుంచి విరమించాక పూర్తి కాలం ఈ ఉద్యమానికే ఇచ్చారు. పరీక్షల్లో వాడుక తెలుగు రాసుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకుంది. జయంతి రామయ్య పంతులు గారు, మరికొందరు పండితులు గట్టిగా ఎదిరించడంతో 1914లో ఆ వీలు పోయింది. పంతులు గారు నిరుత్సాహపడలేదు. పుస్తకాల మూటతో ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు, ముసలితనంలో ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇప్పుడు దేశాల చదువులను పోల్చడానికి పీసా అనే పరీక్ష ఉంది. 2000లో మొదలైన ఈ పరీక్ష 15 ఏళ్ళ పిల్లలకు పెడతారు. 2009 విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని చివరి వరుసలో నిలిచాయి. 2021 పీసాకు మన కేంద్రీయ విద్యాలయాల పేరు కూడా ప్రకటించారు కానీ, ఆ విడతలో మన దేశం పాల్గొనలేదు. ర్యాంకు చూసి సిగ్గుపడితేనో గర్వపడితేనో లాభం లేదు. పక్క దేశం తరగతి గదిలో ఏం జరుగుతోంది, మన గదిలో ఏం మారాలి అని అడగాలి. నూరేళ్ళ కిందట పంతులు గారు చేసింది అదే.

ఆయన బతికి ఉండగా బడి పుస్తకాలు పూర్తిగా మారలేదు. ఆ తరువాత మారాయి. మేము ఈ వ్యాసాన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయగలిగాం, మీరు నిఘంటువు లేకుండా చదవగలిగారు. అది ఆయన చలవే.