మామిడి బెరడు మీది మచ్చ, ఆలుగడ్డ తెగులు: రెండింటి గుట్టు విప్పిన డి బారీ

పోయిన వానాకాలంలో నిజాంపేట రైతు ఒకరు మామిడి బెరడు ముక్కను సంచిలో వేసుకుని నా దగ్గరికి వచ్చారు. ఇక్కడి పొలం అపార్ట్‌మెంట్లకు పోయాక ఆయన నర్సాపూర్ వైపు తోట కొనుక్కున్నారు. బెరడు నిండా బూడిద రంగు, లేత ఆకుపచ్చ రంగు పొరలు. ఒక మందుల దుకాణంలో ఇది తెగులని చెబితే మూడుసార్లు పిచికారీ చేశారట. పొర పోలేదు, డబ్బు మాత్రం పోయింది. ఇంట్లో బిర్యానీలో వేసే రాతిపువ్వును ఎప్పుడైనా దగ్గరగా చూశారా అని అడిగాను. ఈ పొర కూడా ఆ కోవకు చెందినదేనని చెబితే మొదట నమ్మలేదు.

రైతు సోదరులారా, దీన్ని లైకెన్ అంటారు. ఇది చెట్టు రసం పీల్చదు, బెరడును కూర్చోవడానికి చోటుగా మాత్రమే వాడుకుంటుంది. కొమ్మలు ఎండి ఆకు పలచబడిన చెట్టు మీద వెలుతురు ఎక్కువ పడి ఇది బాగా పెరుగుతుంది. అందుకే చెట్టు నీరసానికి ఇదే కారణమని పొరబడతాం. ఎండు కొమ్మలు తీసేసి, ఎరువు, నీరు సరిగా అందిస్తే చాలు. దీనికి మందు అవసరం లేదు.

ఏది తెగులుకు కారణం, ఏది కాదు అని పరీక్షించి తేల్చే పద్ధతిని మనకు నేర్పిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు జర్మనీకి చెందిన ఆంటోన్ డి బారీ. 1831 జనవరి 26న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టారు. తండ్రి వైద్యుడు, పది మంది పిల్లల ఇల్లు. ఆయనా వైద్యమే చదివి 1853లో బెర్లిన్‌లో పట్టా పుచ్చుకున్నారు. కానీ అదే ఏడాది అచ్చయిన ఆయన పుస్తకం మనుషుల రోగాల మీద కాదు, పైర్లలో వచ్చే కాటుక, తుప్పు తెగుళ్ల శిలీంధ్రాల మీద! కొద్ది కాలం వైద్యం చేసి, దాన్ని వదిలేసి వృక్షశాస్త్రం వైపు వచ్చేశారు. ఫ్రైబుర్గ్, హాలే, ఆ తర్వాత 1872 నుంచి స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు.

ఆయన చిన్నతనంలోనే ఐర్లండ్‌లో ఆలుగడ్డ పంట కుళ్లిపోయింది. 1845లో మొదలైన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి దేశం విడిచి వెళ్లారు. పంట ఎందుకు పోయిందో ఎవరికీ తేలలేదు. వాన ఎక్కువై మొక్క లోపల కుళ్లిందని, ఆ కుళ్లులోంచే బూజు పుట్టిందని చాలామంది పండితుల నమ్మకం. మబ్బు పట్టింది, తెగులు పుట్టింది అని మనం ఇప్పటికీ అంటుంటాం కదా, అదే మాట. బూజే కారణమని బర్క్‌లీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త 1846లోనే రాసినా, రుజువు లేక వాదన అలాగే మిగిలింది.

రుజువు డి బారీ చూపించారు. 1861లో ఆయన చేసిన పరీక్ష మీ పెరట్లో కూడా చేసుకోగలిగినంత సులువు. ఆరోగ్యంగా ఉన్న ఆలుగడ్డ మొక్కలను రెండు భాగాలు చేశారు. ఒక భాగం మీద తెగులు ఆకుల నుంచి తీసిన బీజాలు వేశారు, రెండో దాని మీద వేయలేదు. తడి, చలి రెండింటికీ ఒకటే. బీజాలు పడినవి మాడిపోయాయి, పడనివి పచ్చగా నిలిచాయి. అంటే వాన ఒక్కటే మొక్కను చంపదు, వానలో బీజం మొలుస్తుంది. చల్లటి నీటి చుక్కలో ఆ బీజపు సంచి పగిలి, ఈదే చిన్న బీజాలు బయటికి రావడాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. తెగులు విత్తన గడ్డలో దాగి మరుసటి పంటకు వస్తుందని కూడా ఆయనే చూపించారు. జహీరాబాద్ వైపు ఆలుగడ్డ వేసేవారికి విత్తనం దగ్గరే జాగ్రత్త పడమని మేము చెప్పడం వెనుక ఉన్నది ఆ పనే.

1876లో ఆ జీవికి ఫైటోఫ్తోరా అని పేరు పెట్టారు, మొక్కను నాశనం చేసేదని అర్థం. ఇది అసలైన శిలీంధ్రం కాదని తర్వాతి శాస్త్రం తేల్చింది. మీ జేబుకు సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. ఆలు, టమాట ఆకుమాడు తెగులుకైనా, ద్రాక్ష బూజు తెగులుకైనా కార్బెండజిమ్ పని చేయదు. వర్షాలు పడుతూ చల్లబడినప్పుడు, మచ్చ కనబడక ముందే మాంకోజెబ్ గానీ రాగి మందు గానీ కొట్టాలి. తెగులు మొదలైతే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరు నీటికి 2 గ్రాములు. మొక్క నల్లబడ్డాక ఏది కొట్టినా దండగే.

గోధుమ తుప్పు విషయంలో డి బారీ రైతుల మాటనే నిలబెట్టారు. బార్బెరీ అనే ముళ్ల పొద పక్కన ఉంటే గోధుమకు తుప్పు వస్తుందని యూరప్ రైతులు ఎన్నో తరాలుగా చెబుతుంటే, చదువుకున్నవారు కొట్టిపారేశారు. తుప్పు బీజాలు ఒక దశ గోధుమ మీద, మరో దశ బార్బెరీ ఆకు మీద గడుపుతాయని 1865 ప్రాంతంలో ఆయన ప్రయోగంతో చూపించారు. ఈ కథ నాకు చాలా ఇష్టం. మా శాఖలో కొత్తగా చేరే పిల్లలకు తప్పకుండా చెబుతుంటాను.

ఇక లైకెన్. కొన్ని లైకెన్లు నిజానికి రెండు జీవుల కలయిక కావచ్చని 1866 నాటి పుస్తకంలోనే డి బారీ అనుమానించారు. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, నాచు ఎండతో వంట చేస్తుంది. కొద్ది రోజులకే స్విట్జర్లాండ్‌కు చెందిన ష్వెండెనర్ అన్ని లైకెన్లూ అంతేనని ప్రకటిస్తే, లైకెన్ పండితులు మండిపడ్డారు. 1878లో డి బారీ ఒక సభలో, వేర్వేరు జీవులు కలిసి బతకడానికి సింబయోసిస్ అన్న పేరు వాడి వివరించారు. మేలు చేసే జతనే కాదు, ఒకదాన్ని ఒకటి పీల్చే జతను కూడా ఆయన ఆ మాటలోనే కలిపారు. కంది, పెసర వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియా గురించి మీకు చెప్పేటప్పుడు మేము వాడే సహజీవనం అన్న మాట ఇదే.

ఆయన దగ్గర చదివిన మిలార్డే, ఫ్రాన్స్‌లో ద్రాక్ష బూజు తెగులుకు 1885లో బోర్డో మిశ్రమాన్ని ప్రకటించారు. దారి పక్క తోటల్లో పండ్లు దొంగలు తినకుండా రైతులు మైలుతుత్తం, సున్నం చల్లితే, ఆ తీగలకు తెగులు రాలేదని గమనించి పట్టుకున్న మందు అది. ఒక శాతం మిశ్రమానికి కిలో మైలుతుత్తం 50 లీటర్లలో, కిలో సున్నం మరో 50 లీటర్లలో ప్లాస్టిక్ డ్రమ్ముల్లో విడిగా కరిగించాలి. ఇనుప పాత్ర వద్దు. తర్వాత రెండింటినీ ఒకేసారి మూడో డ్రమ్ములో పోస్తూ కలపాలి. మెరిసే కత్తిని కాసేపు ముంచితే ఎర్రటి పూత పట్టకూడదు, పడితే ఇంకాస్త సున్నం కలపాలి. అదే రోజు వాడేయాలి.

డి బారీ 1888 జనవరి 19న స్ట్రాస్‌బుర్గ్‌లో చనిపోయారు, అప్పటికి ఇంకా 57 ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల లోపే గోదావరి డెల్టాలో తాటి, కొబ్బరి చెట్ల మొవ్వులు కుళ్లిపోతుంటే బట్లర్ అనే అధికారి వచ్చి పరిశీలించారు. ఆయనా వైద్యం చదివి మొక్కల వైపు వచ్చినవారే. 1907లో ఆయన వివరించిన ఆ జీవిని తర్వాత ఫైటోఫ్తోరాలోనే చేర్చారు. అప్పట్లో తెగులు పట్టిన తలలు నరికి కాల్చి, పక్క చెట్లను కాపాడారు. మీ గట్టు మీది కొబ్బరిలో నడిమి ఆకు వాలి, లాగితే ఊడి వస్తుంటే ఆలస్యం చేయకండి. కుళ్లిన భాగం కోసి తీసి బోర్డో పేస్టు పూయండి, చుట్టూ ఉన్న చెట్ల మొవ్వుల్లో ఒక శాతం మిశ్రమం పోయండి.