చెవులు పోయినా వినడం మానని పంతులు

గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిచేసి దిగిపోయిన కార్మికుల్ని రోజూ చూస్తున్నాం. బ్లాస్టింగు మోతకు, యంత్రాల రొదకు చెవులు మొద్దుబారినవాళ్ళు ఉన్నారు. ఊళ్ళల్లో వ్యవసాయ కూలీలకైతే దిగిపోయే వయసే లేదు. చేతగానినాడు అరుగుమీద కూర్చోవడమే. ఈ వయసులో కొత్తగా నేర్చుకునేదేముందనే మాట ఇద్దరి నోటా వింటున్నాం. అందుకే ఈసారి గిడుగు రామమూర్తి పంతులు గురించి రాస్తున్నాం.

వాడుకభాష కోసం పోరాడినవాడిగా ఆయన అందరికీ తెలుసు. సవరల సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరాడు. అక్కడి కొండల్లో పోడు చేసుకు బతికే సవరల మాటకు బడిలో చోటు లేదు, కచేరీలో చోటు లేదు. తన మాట ఎవరికీ తెలియని మనిషిని మోసం చెయ్యడం ఎంత తేలికో మన కూలీలకు వేరే చెప్పనక్కర్లేదు. పంతులు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు. కొండలెక్కి గూడేలు తిరిగాడు. మలేరియా పట్టుకుంది. క్వినైను మింగి మింగి వినికిడి పోయింది, మళ్ళీ రాలేదు. అప్పటికి లిపి లేని భాష, చెవితో తప్ప ఇంకెట్లా పట్టుకుంటారు? ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవాళ్ళే. ఆయన సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశాడు, బడులు పెట్టించాడు.

1911లో ఉద్యోగం వదిలాడు. అసలు పని అప్పుడే మొదలైందనాలి. జనం మాట రాతకు పనికిరాదన్న పండితులకు, వాళ్ళు నెత్తిన పెట్టుకునే పాత గ్రంథాల్లోంచే జవాబులు తీసి చూపించాడు. 1919లో తెలుగు అనే పత్రిక పెట్టాడు. 68 ఏళ్ళ ప్రాంతంలో, 1931లో, సవర వ్యాకరణం అచ్చయింది. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు 75 ఏళ్ళు! తెల్లదొరలు కైజర్-ఎ-హింద్ పతకం కూడా ఇచ్చారు. ఆ పతకంతో మనకు పనిలేదు, నిఘంటువులతోనే పని. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. అది ఒప్పుకోని ముసలాయన, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి రాజమండ్రి చేరాడు.

పంతులుకు చదువుంది, పుస్తకాలున్నాయి. రెక్కలే ఆధారమైన ముసలి కూలీకి ముందు కూడు కావాలి, పింఛను కావాలి. ఆ పోరాటం ఎట్లాగూ చెయ్యాల్సిందే. కాని గోదావరి అవతలి గోండులు, కోలాములు మన పక్కన పనిచేస్తున్నప్పుడు, వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు అడిగి నేర్చుకున్నవాళ్ళం ఎందరం? కార్యకర్తల్నీ కలుపుకునే అడుగుతున్నాం.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయానికి వెళ్ళి పత్రికలవాళ్ళతో మాట్లాడాడు. పత్రికలు జనం భాషలో రావాలని అడిగాడు. ఆ తర్వాత వారానికే, జనవరి 22న, కన్నుమూశాడు.