ఋణమెఱిగిన కవి

కలిమియందు చేరువారు పెక్కురు, లేమియందు నిలుచువారు కొందఱేయని లోకమెఱుగును. ఆ నిలిచిన కొందఱిని మంచిదినములు వచ్చిన పిదప మఱవకుండుట మఱింత యరుదు. క్రీస్తు పదిమంది కుష్ఠరోగులను స్వస్థపఱుపగా తిరిగివచ్చి వందనమొనర్చినవాడొక్కడే. వాడును యూదులు దూరముగా నుంచిన సమరయ జాతివాడే. వెలివేయబడినవాడే ఋణమెఱిగినవాడగుట ఆ సువార్తకథలోని మర్మము. మన యాంధ్రదేశమున దానికి నిదర్శనము గుఱ్ఱం జాషువా జీవితమని మా యభిప్రాయము.

నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895 సెప్టెంబరు 28వ తేదీన జాషువా జన్మించెను. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇంట క్రైస్తవ మతము, వీథిలో అంటరానితనము. ఆ బాలునకు దీపాల పిచ్చయ్యశాస్త్రి చెలికాడయ్యెను. ఇరువురును జంటకవులు కాదలచి, పేర్లు పొందికగా కలియకపోవుటచే ఆ తలంపు మానుకొనిరి గాని చెలిమి మానుకొనలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి కులము నెన్నక అతనికి కాళిదాసుని మేఘసందేశమును బోధించెను. వినుకొండ యవధానసభలో పద్యము చదివిన జాషువాను కులము పేర కొందఱవమానించిన కాలమది. అట్టి కాలమున ఈ మైత్రి, ఈ విద్యాదానము సామాన్యములు కావు.

పేదఱికము వేఱొక శత్రువు. మూడు రూపాయల నెలజీతమునకై అతడు మైళ్లకొలది నడచెను. ఆ కొలువును పోగా 1915-16 సంవత్సరములలో రాజమహేంద్రవరము చేరి, మూగచిత్రములకు తెరవెనుక నుండి కథయు సంభాషణములును చదివెను. తెలుగు తెర 1932లో గాని మాటలాడలేదు. నేడు జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములలో వర్ధిల్లుచున్న చిత్రపరిశ్రమ, తనకు మాటరాని దినములలో గొంతు నరువిచ్చిన ఆ పేదకవిని స్మరించుట న్యాయము.

తరువాత గుంటూరులో లూథరను సంఘమువారి శిక్షణాలయమునను, 1928 మొదలు 1942 వఱకు ప్రభుత్వ పాఠశాలయందును అతడు ఉపాధ్యాయుడుగా నుండెను. క్రైస్తవునకు హిందూ కథలేలయని తనవారును, అస్పృశ్యునకు కావ్యరచన యేలయని పరులును నిందించిరి. అతడు క్రీస్తును విడువలేదు, కాళిదాసును విడువలేదు. 1932 నాటి ఫిరదౌసిలో, మాటయిచ్చి తప్పిన సుల్తాను కృతఘ్నతకు బలియైన కవి గాథను చెప్పెను. 1941 నాటి గబ్బిలములో, ఆలయప్రవేశము లేని యభాగ్యుడొకడు, ఆలయములో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలమును కాశీవిశ్వనాథుని సన్నిధికి దూతగా బంపును. మనుష్యులందఱు విడిచినవానికి గబ్బిలమే మిత్రము. గురువు నేర్పిన మేఘసందేశపు ఫక్కినే గైకొని, గురువు కులము పాటించు అన్యాయమును ప్రశ్నించుట ద్రోహమని కొందఱనవచ్చును. మేమట్లు తలపము. విద్య యిచ్చినవానికి విద్యచేతనే, సత్యము దాచకయే, ప్రతిఫలమిచ్చుట ఉత్తమ కృతజ్ఞత.

కాలము మాఱినది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వహస్తములతో జాషువా పాదమునకు గండపెండేరము తొడిగెను. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, 1970లో పద్మభూషణ బిరుదము లభించినవి. 1971 జులై 24వ తేదీన అతడు గుంటూరులో పరమపదించెను. హైదరాబాదు ట్యాంకుబండుపై నేడాతని విగ్రహము నిలిచియున్నది.

విగ్రహము నిలుపుట సులభము. అక్షరము కోరి గడపకు వచ్చిన పేదబాలుని కులమడుగక కూర్చుండబెట్టుట కష్టము. భూములును ధనమును గల మన పాఠకులు హనుమచ్ఛాస్త్రి చేసిన యా పనిని తమ యూరులలో చేసిననాడు, జాషువాకు జాతి పడిన ఋణము కొంతయైన తీఱును.