కుర్చీతో పాటు వచ్చే బాధ్యత

మన బడి పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు పదిమంది చేత పని చేయించే స్థానాల్లో ఉన్నారు. ప్రధానోపాధ్యాయులు, ఇంజనీర్లు, బ్యాంకు మేనేజర్లు, సొంత వ్యాపారాలు నడిపేవాళ్లు. అందుకే ఈ స్వర్ణోత్సవ సంచికలో లాల్ బహదూర్ శాస్త్రి గారిని తలచుకోవాలనిపించింది.

ఆయన 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయిలో పుట్టారు. తండ్రి మొదట బడిపంతులు, తర్వాత రెవెన్యూ గుమాస్తా. కొడుక్కి రెండేళ్లు నిండకముందే ఆయన కన్నుమూశారు. తల్లి తన పుట్టింట ఉండి పిల్లల్ని పెంచింది. ‘శాస్త్రి’ ఇంటిపేరు కాదు, 1925లో కాశీ విద్యాపీఠం ఇచ్చిన పట్టా. స్వాతంత్ర్యోద్యమంలో ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు. 1952లో కేంద్ర రైల్వే మంత్రి అయ్యారు.

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు, ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. మూడు నెలలు తిరగకముందే, నవంబరు 23న, తమిళ దేశంలోని అరియలూరు దగ్గర వరదకు రైలుకట్ట దెబ్బతిని తూత్తుకుడి ఎక్స్‌ప్రెస్ పడిపోయింది. మళ్లీ వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఈసారి ఆయన పట్టుబట్టి పదవి వదులుకున్నారు. ఇందులో శాస్త్రి గారి తప్పేమీ లేదని, మంచి సంప్రదాయం నిలవాలనే రాజీనామాను ఆమోదిస్తున్నానని నెహ్రూ పార్లమెంటులో వివరించారు.

మంత్రి దిగిపోతే వంతెనలు బాగుపడతాయా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను ముప్పై ఏళ్లు ఒక కర్మాగారంలో పనిచేశాను. ప్రమాదం జరిగిన ప్రతిసారీ విచారణ పైన మొదలై, మెట్టు మెట్టూ దిగి, చివరికి ఒక ఫిట్టరు దగ్గరో హెల్పరు దగ్గరో ఆగేది. దాంతో కిందివాళ్లు ఒక పాఠం నేర్చుకున్నారు: లోపం కనిపించినా నోరు విప్పకూడదు. చెప్పినవాడి మెడకే చుట్టుకుంటుంది కదా! అలా దాచిన చిన్న లోపాలే తర్వాత పెద్ద ప్రమాదాలవుతాయి. పైనున్నవాడు ముందు తన బాధ్యత ఒప్పుకుంటే కిందివాడికి నిజం చెప్పే ధైర్యం వస్తుంది. శాస్త్రి గారి రాజీనామా విలువ నాకు అక్కడే అర్థమైంది. నీతి అంటే లంచం తీసుకోకపోవడం ఒక్కటే కాదు.

పదవి వదిలినంత మాత్రాన ఆయన చిన్నబోలేదు. 1957 ఎన్నికల్లో గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు, 1964లో ప్రధాని అయ్యారు. ప్రధానిగా ఉండి కారు కొనుక్కోవడానికి బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేశారు. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో చనిపోయేనాటికి అది తీరలేదు. భార్య లలితాదేవి తన పింఛను డబ్బుతో తీర్చారు.

అందరం రాజీనామాలు చేయనక్కర్లేదు. రేపు మన సంస్థలో ఏదైనా పొరపాటు జరిగితే, విచారణ నివేదికలో మొదటి పేరు మనదే రాసుకోగలమా? మనం చదువు చెప్పే పిల్లలు, మన కింద పనిచేసేవాళ్లు గమనించేది దాన్నే.